అంబాసిడర్ డైరీ: రెండో క్యామ్‌షాఫ్టు, మొదటి ఇరవై నిమిషాలు

నవంబరు 9, ఆదివారం

ఇంజిన్ మళ్ళీ కిందికి దిగింది. పదహారు నెలల్లో ఇది రెండోసారి. పెరట్లో చింతచెట్టు కొమ్మకి చైన్ బ్లాకు కట్టి లాగుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఈ చెట్టు పులుసుకి పనికొస్తుందనుకున్నా, ఇంజిన్లు వేలాడదీయడానికని తెలీదు" అంది. సమాధానం చెప్పే పరిస్థితిలో నేను లేను.

బండి నాన్నగారిది. 1984 మోడల్ మార్క్ 4, పెట్రోలు. లోపల ఉన్నది బీఎంసీ అనే ఇంగ్లీషు కంపెనీ బీ-సిరీస్ 1489 సీసీ ఇంజిన్. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఎంజీఏ కార్లోనూ తిరిగిన ఇంజినే, ఇక్కడ ఉత్తరపారా ఫ్యాక్టరీలో పుట్టి మన ఊళ్ళలో కలెక్టర్లనీ పెళ్ళికొడుకుల్నీ మోసింది. క్యామ్‌షాఫ్టు (గుడ్డు ఆకారం మెట్టలు, అంటే లోబ్‌లు, ఉన్న ఇరుసు) బ్లాకులోనే ఉంటుంది. దాని మీద టాపెట్లు (లోబ్ తోస్తే పైకి లేచే ఇనుప దిమ్మెలు), వాటి మీద పుష్ రాడ్లు, పైన వాల్వుల్ని నొక్కే రాకర్లు. హైడ్రాలిక్కూ లేదు, రోలరూ లేదు. ఇనుము మీద ఇనుము జారడమే.

పోయినేడాది ఇంజిన్ బోరుకొస్తే పూర్తిగా విప్పి చేశాను. కొత్త పిస్టన్లు, కొత్త బేరింగులు, కొత్త క్యామ్. టాపెట్లు మాత్రం పాతవే పెట్టాను. చూడ్డానికి నున్నగా ఉన్నాయి కదా, ఎనిమిదింటికి డబ్బెందుకు అనుకున్నాను. స్టార్టయిన రోజు సంబరం చెప్పనక్కర్లేదు. బానెట్ ఎత్తి, రేస్ ఇవ్వకుండా ఐడిలింగ్‌లో అరగంట అలాగే ఉంచాను. కార్బురేటర్ స్క్రూ అటు పావు తిప్పడం, ఇటు పావు తిప్పడం, ఫోన్లో వీడియో తీయడం, చుట్టాలకి పంపడం. ఆ వీడియో ఇంకా నా ఫోన్లో ఉంది. క్యామ్ చచ్చిపోతుంటే నేను పక్కన నిలబడి నవ్వుతున్న వీడియో అది.

నాలుగు వందల కిలోమీటర్లకి టిక్ టిక్ మొదలైంది. టాపెట్ సౌండే కదా అని రాకర్‌కీ వాల్వుకీ మధ్య గ్యాప్ సరిచేశాను. వారానికి మళ్ళీ వచ్చింది, మళ్ళీ సరిచేశాను. మూడోసారి గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ పెడితే 5వ వాల్వు దగ్గర 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) ఉండాల్సిన చోట 40 పైన ఉంది. 5వది అంటే మూడో సిలిండర్ ఎగ్జాస్టు. అప్పటికి కార్బురేటర్లోంచి టప్ టప్ మని వెనక్కి కొడుతోంది.

ఈ రోజు పక్క మూతలు విప్పి టాపెట్లు తీశాం. బీ-సిరీస్‌లో ఉన్న సుఖం అదొకటి, మానిఫోల్డు తీస్తే టాపెట్లు పక్కనుంచే చేతికొస్తాయి. ఐదోదాని అడుగు చూస్తే గుంట పడి, మధ్యలో పెచ్చులు లేచి, వానకి నానిన గోడలా ఉంది. క్యామ్ బయటికి లాగితే ఆ లోబ్ గుడ్డు ఆకారం పోయి గారె అయిపోయింది. మిగతా ఏడింట్లో ఇంకో రెండింటికీ అంచులు తినేశాయి. అరిగిన ఆ పొడి ఎక్కడికి పోతుంది? నూనెలో కలిసి ఇంజినంతా తిరిగింది. బేరింగుల మీద గోటికి తగిలేంత గీతలు. ఒక్క క్యామ్ మారిస్తే సరిపోయే పని కాదు.

నవంబరు 23, ఆదివారం

మేస్త్రీ వచ్చాడు. అంబాసిడర్ల మీదే నలభై ఏళ్ళు చేసి, షెడ్డు కొడుకులకి వదిలేసి, తెనాలిలోనే విశ్రాంతిగా ఉంటున్న మనిషి. నేను ఆయన్ని మేస్త్రీగారూ అంటాను, ఆయన నన్ను మాస్టారూ అంటాడు. (మేస్త్రీ పోర్చుగీసు వాళ్ళిచ్చిన మాట, మాస్టారు ఇంగ్లీషు వాళ్ళిచ్చింది. మూలం ఒకటే. పని వచ్చినవాడు మాత్రం ఇద్దరిలో ఒకడే.)

ఆయన గుంటపడ్డ టాపెట్‌ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, "ఇది తిరగలేదు మాస్టారూ" అన్నాడు.

ఆ ఒక్క మాటలో అంతా ఉంది. టాపెట్ పైకీ కిందికీ ఆడటమే కాదు, తన చుట్టూ తాను తిరగాలి కూడా. దాని అడుగు చూడ్డానికి చదునుగా ఉంటుంది కానీ చదును కాదు, మధ్యలో వెంట్రుకవాసి ఉబ్బు ఉంటుంది. టాపెట్‌కి క్యామ్ సరిగ్గా నడిమధ్యన తగలదు, కాస్త పక్కగా తగులుతుంది. అందుకే ప్రతి తోపుకీ టాపెట్ కొంచెం తిరుగుతుంది. తిరిగినంతకాలం ఒరిపిడి అడుగంతా పంచుకుంటుంది. తిరగడం ఆగిందా, ఒకే గీత మీద రాచుకుని, కత్తి సాన పట్టినట్టు రెండూ అరుగుతాయి. పాత టాపెట్ పాత క్యామ్‌తో కాపురం చేసి ఆ ఉబ్బు పోగొట్టుకుంది. దాన్ని తెచ్చి కొత్త క్యామ్ మీద కూర్చోబెట్టింది నేను.

ఉబ్బు ఉందో లేదో చూసే పద్ధతి ఆయనే చూపించాడు. ఒక టాపెట్ పక్కభాగాన్ని ఇంకో టాపెట్ అడుగుకి ఆనించి ఎండకేసి పట్టుకోవాలి. కొత్తవాటికి మధ్యలో ఆనుకుని రెండు అంచుల దగ్గరా సన్నటి వెలుగు కనపడింది. పాతవాటికి అంచులు ఆనుకుని మధ్యలోంచి వెలుగు వచ్చింది. రెండు సెకన్ల పరీక్ష. పోయినేడాది ఎవరైనా చెప్పి ఉంటే ఈ డైరీ ఉండేది కాదు.

క్యామ్, ఎనిమిది టాపెట్లు కలకత్తా మల్లిక్ బజార్ నుంచి తెప్పించాను. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, ఇప్పుడు దొరికేదంతా పాత స్టాకే. నూనె కాగితంలో చుట్టి, పైన గోనెపట్టా కుట్టి పంపారు. లోబ్‌ల మీద నల్లటి ఫాస్ఫేటు పూత చెక్కుచెదరలేదు. మొదటి నిమిషాల్లో నూనెని పట్టి ఉంచేది ఆ పూతే. మావాడు బనియన్ గుడ్డతో తుడిచి మెరిపించబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

బెజవాడ ఆటోనగర్లో క్రాంకు గ్రైండింగ్, బోర్లు హోనింగ్, బ్లాకు కడుగుడు. అక్కడ నాలుగు రోజులు. చెప్పుకోదగ్గదేం లేదు, ఒక్కటి తప్ప: బ్లాకు ఇంటికొచ్చాక నూనె దారుల్లో సన్న బ్రష్షు పెట్టి కిరోసిన్‌తో మళ్ళీ కడిగాను. నల్లటి మెరుపు పొడి ఇంకా వచ్చింది. మూడోసారికి గానీ గుడ్డ తెల్లగా రాలేదు.

డిసెంబరు 7, ఆదివారం

క్యామ్ లోపలికి పోయింది. బేరింగులకి మామూలు ఇంజిన్ ఆయిలు. లోబ్‌లకీ టాపెట్ల అడుగులకీ మాత్రం మాలిబ్డినం పేస్టు, కాటుకలా నల్లగా ఉంటుంది. టాపెట్ పక్కలకి పేస్టు పూయకూడదు, అక్కడ జిగురైతే తిరగదు. పక్కలకి నూనె చాలు. ఒక్కో టాపెట్‌ని దాని కన్నంలో వేలితో తిప్పి చూశాను. ఏడు నీళ్ళలా తిరిగాయి. రెండో కన్నంలో కాస్త పట్టుకుంది, చూస్తే కన్నం అంచున చిన్న పొలుసు. తీసేస్తే అదీ తిరిగింది.

టైమింగ్ చైను, చుక్కకి చుక్క. హెడ్డు, పుష్ రాడ్లు, రాకర్లు. టాపెట్ గ్యాపులకి ఈ ఇంజిన్లో తొమ్మిది లెక్క ఉంది: ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది సెట్ చేయాలి, మూడోది తెరుచుకున్నప్పుడు ఆరోది. కలిపితే తొమ్మిది రావాలి. మా ఏడో తరగతి పిల్లలకి ఇది చెబితే లెక్కల క్లాసు కంటే ఇష్టంగా విన్నారు.

ఇబ్బంది ఏంటంటే, ఇలా సెట్ చేయడానికి ఇంజిన్‌ని తిప్పాలి. తిప్పినప్పుడల్లా లోబ్‌ల మీద పేస్టు కొంచెం కొంచెం పక్కకి పోతుంది. "హ్యాండిల్ రెండు రౌండ్లు. మూడోది తిప్పితే నేనింటికి పోతా" అన్నాడు మేస్త్రీ. అంబాసిడర్‌కి ముందు హ్యాండిల్ ఉండటం ఎంత వరమో! సెల్ఫ్‌తో అయితే ఇంత నెమ్మదిగా తిప్పగలిగేవాళ్ళం కాదు. పుష్ రాడ్ల పైకొసన నెయిల్ పాలిష్‌తో ఒక్కో చుక్క పెట్టాను. (మా అమ్మాయిది. అడగలేదు.) తిప్పుతుంటే ఎనిమిది చుక్కలూ కొంచెం కొంచెం పక్కకి జరిగాయి. టాపెట్లు తిరుగుతున్నాయి. ఆ ఎర్ర చుక్కలు కదలడం చూసినప్పుడు పదహారు నెలల్లో మొదటిసారి గుండె కాస్త కుదుటపడింది.

డిసెంబరు 14, ఆదివారం

నూనె సంగతి. కొత్త క్యామ్‌కి మొదటి నూనె ఏది పోయాలన్న దాని మీద రెండు రాత్రులు చదివాను. టాపెట్‌కీ లోబ్‌కీ మధ్య నూనె పొర తెగిపోయినప్పుడు ఇనుమూ ఇనుమూ అంటుకోకుండా కాపాడేది జెడ్‌డీడీపీ అనే జింకు-ఫాస్ఫరస్ మందు. కొత్త కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్‌ని ఫాస్ఫరస్ పాడుచేస్తుందని పెట్రోలు ఇంజిన్ నూనెల్లో దాన్ని తగ్గిస్తూ వచ్చారు. 2004లో వచ్చిన నూనె ప్రమాణం ఏపీఐ ఎస్‌ఎం నుంచి పల్చటి గ్రేడుల్లో ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదు. రోలర్లున్న కొత్త ఇంజిన్లకి అది చాలు. మన రోలూ రోకలీ లాంటి జతకి చాలదు. అందుకని లారీలకి పోసే సీఐ-4 రకం 15డబ్ల్యూ-40 తెచ్చాను. నాలుగు లీటర్ల పైచిలుకు. ఖరీదైన సింథటిక్ ఎందుకు పోయలేదని మా బావమరిది అడిగాడు. కొత్త రింగులు బోరుకి ఒరుసుకుని కూర్చోవాలి బావా, మరీ జారుడైతే కూర్చోవు అని చెప్పాను. నమ్మినట్టు లేడు.

అసలు సమస్య వేరే ఉంది. అమెరికా వీ8 ఇంజిన్లకి ప్లగ్గులకి స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ తీసేసి, డ్రిల్లు పెట్టి ఆయిల్ పంపు తిప్పి, స్టార్ట్ చేయకముందే నూనె ఎక్కిస్తారు. మనదానికి పంపు క్యామ్‌షాఫ్టు మీద పళ్ళతోనే తిరుగుతుంది. పంపు తిరగాలంటే క్యామ్ తిరగాలి, క్యామ్ తిరగాలంటే నూనె ముందే ఉండాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు.

పరిష్కారం గుంటూరు జిల్లాలో ఉండటం వల్ల దొరికింది. మిరప తోటలకి మందు కొట్టే చేతి స్ప్రేయరు, ఐదు లీటర్లది, కొత్తది కొన్నాను. (పాతది అడిగితే ఎవరైనా ఇస్తారు, దాంట్లో మిగిలిన మందు ఇంజిన్లోకి పోతే ఇక అంతే.) నాజిల్ తీసేసి, ఆ గొట్టాన్ని బ్లాకు పక్కన ఆయిల్ ప్రెషర్ గేజి తగిలించే చోట బిగించాం. పంపులో ముందే వాజలీన్ కూరి ఉంచాం. నూనె డబ్బాని ఎండలో మూడు గంటలు పెట్టి పల్చబడనిచ్చి, స్ప్రేయర్లో పోసి గాలి కొట్టాను. మేస్త్రీ హ్యాండిల్ మీద చెయ్యేసి మధ్యమధ్యన పావు రౌండ్ తిప్పాడు. రెండు రౌండ్ల రూలు ఆయనకి వర్తించదట.

పదినిమిషాలు ఏమీ లేదు. స్ప్రేయరు గుటక గుటక మింగుతోంది, నూనె ఎటు పోతోందో తెలీదు. తర్వాత రాకర్ షాఫ్టు మీద ఒక కన్నంలో బుడగ లేచింది. అది పగిలి తేనెచుక్కలా నూనె ఊరింది. పక్కనే ఇంకోటి. అలా ఒక్కో రాకరూ తడిసి, పుష్ రాడ్ల వెంట కిందికి జారుతోంది. క్యామ్ లోబ్‌లకి నేరుగా నూనె దారి లేదు. పైనుంచి ఇలా కారేది, కింద క్రాంకు చిమ్మేది, అదే వాటికి దిక్కు.

ఐడిలింగ్ ఎందుకు ప్రాణాంతకమో ఇక్కడే అర్థమైంది. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు క్రాంకు చిమ్మే నూనె తక్కువ. పైగా స్ప్రింగు బలమంతా క్యామ్ ముక్కు మీదే పడుతుంది. వేగం పెరిగితే చిమ్ముడు పెరుగుతుంది. వాల్వూ రాడ్డూ టాపెట్టూ తమ ఊపుతో తామే ముక్కు దాటేస్తాయి కాబట్టి అక్కడ నొక్కుడూ తగ్గుతుంది. కొత్త ఇంజిన్ కదా, మెల్లగా తిప్పుదాం అన్న జాలే దాన్ని చంపేది.

డిసెంబరు 20, శనివారం రాత్రి

కొత్త క్యామ్‌తో మొదటి స్టార్టు రేపే. సెల్ఫ్ కొట్టీ కొట్టీ, అంటుకోక మళ్ళీ కొట్టీ పేస్టంతా తుడిచేయకుండా మొదటి దెబ్బకే అంటుకోవాలి. కార్బురేటర్ ఫ్లోట్ చాంబర్లో సిరంజితో పెట్రోలు నింపాను. ఐడిల్ స్క్రూ ముందే బాగా లోపలికి బిగించాను, వదిలేసినా నిమిషానికి రెండు వేల రౌండ్ల దగ్గర నిలబడాలి. పాయింట్లు కొత్తవి. బల్బు పెట్టి టైమింగ్ సరిచూసి, ఎందుకో అనుమానం వచ్చి ఒకటో ప్లగ్గు తీసి కన్నంలో దూది కూరి హ్యాండిల్ పావు తిప్పితే దూది కదల్లేదు. మార్కు సరిగ్గానే ఉంది, కానీ అది ఎగ్జాస్టు స్ట్రోకు! డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా అరరౌండు తప్పి కూర్చుంది. ఇలాగే వదిలేస్తే రేపు పొద్దున సెల్ఫ్ అరిగిపోయేదాకా కొట్టేవాళ్ళం. వైర్లు మార్చేసి సర్దేద్దామా అనిపించింది గానీ, డ్రైవ్ తీసి సరిగ్గా పెట్టాను. రాత్రి పదకొండైంది.

వెనకింటి మామ్మగారికి చెప్పి వచ్చాను, రేపు అరగంట బండి మోత ఉంటుందని. "అరగంటేనా నాయనా, పోయినేడాది నుంచీ మోతే కదా" అన్నారు.

డిసెంబరు 21, ఆదివారం

పొద్దున్న ఏడున్నర. రేడియేటర్ ముందు పెళ్ళిళ్ళలో పెట్టే పెద్ద స్టాండు ఫ్యాను. నీళ్ళ పైపు సిద్ధం. మావాడి చేతిలో లేజర్ టాకోమీటరు, క్రాంకు పుల్లీ మీద మెరిసే స్టిక్కరు. మేస్త్రీ యాక్సిలరేటర్ దగ్గర. నేను తాళం దగ్గర.

మొదటి సెల్ఫ్‌కి దగ్గింది. రెండోదానికి అంటుకుని ఒక్కసారిగా లేచింది. "1900! 2100!" అని మావాడు అరుపు. ఆయిల్ ప్రెషరు 50 పైన. పొగ, పేస్టు కాలిన వాసన, రంగు కాలిన వాసన. సైలెన్సర్లోంచి నీళ్ళు. మేస్త్రీ ఒక వేగం మీద ఉంచట్లేదు. 1800కి దించుతాడు, 2500కి ఎక్కిస్తాడు, మళ్ళీ దించుతాడు. చిమ్మే నూనె ఒకే చోట కాకుండా అన్ని మూలలకీ పడాలట.

ఏడో నిమిషంలో పైగొట్టం క్లిప్పు దగ్గర నీళ్ళు చిమ్మడం మొదలెట్టాయి, సన్నగా, నేరుగా డిస్ట్రిబ్యూటర్ వైపు. నా చెయ్యి దానంతటది కార్బురేటర్ మీదికి పోయింది, రేస్ తగ్గించి చూద్దామని.

"దించొద్దు! ఆపెయ్!" అని మేస్త్రీ కేక.

తాళం తిప్పేశాను. ఒక్కసారిగా నిశ్శబ్దం, ఫ్యాను చప్పుడు తప్ప. ఇన్నాళ్ళ పరిచయంలో ఆయన నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి, ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. ఆపితే నష్టం లేదు, ఎన్నిసార్లయినా ఆపొచ్చు. ఐడిలింగ్‌లో పెట్టి చూస్తూ కూర్చోవడమే కూడదు. స్క్రూ డ్రైవరు నా చొక్కా జేబులోనే ఉన్నా రెండు నిమిషాలు వెతికాను. క్లిప్పు బిగించి, నీళ్ళు నింపి, మళ్ళీ సెల్ఫ్. ఈసారి సగం చుట్టుకే అంటుకుంది.

ఇంకో పద్దెనిమిది నిమిషాలు. అంతసేపు ఆ మోత పక్కన నిలబడితే చెవులు ఇంజిన్‌కి అలవాటుపడి తేడాలు వెతకడం మొదలెడతాయి. టిక్ అందా? లేదు, ఫ్యాను రెక్క. టప్ అందా? మామ్మగారి కిటికీ తలుపు. పదిహేనో నిమిషానికి మోత కొంచెం మెత్తబడినట్టనిపించింది, వేడెక్కి గ్యాపులు సర్దుకున్నాయేమో. మొత్తం ఇరవై ఐదు నిమిషాలు అయ్యాక మేస్త్రీ స్క్రూ విప్పుకుంటూ వచ్చి మొదటిసారి ఐడిలింగ్‌కి దించాడు. అరనిమిషం విన్నాడు. తల ఊపి, "టీ పెట్టించండి మాస్టారూ" అన్నాడు. మళ్ళీ "అండి" వచ్చేసింది.

అదే రోజు సాయంత్రం

నూనె వేడిగా ఉండగానే దించేశాం. పేస్టు కలిసి బూడిద రంగులో ఉంది, అది మామూలే. స్పీకరు అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి ట్రేలో తిప్పితే వెంట్రుకల్లాంటి సన్నటి మసి అంటుకుంది, వేళ్ళ మధ్య నలిపితే గరుకు లేదు. ఫిల్టరు కాగితం మడతలు విప్పి ఎండలో పరిచాను. మూడు చోట్ల మెరుపులు, గోరుతో తీస్తే రబ్బరు ముక్కల్లా నలిగాయి. బేరింగు రంగు లేదు, పెచ్చులు లేవు.

తర్వాత రాకర్ మూత తీశాను. అన్నిటికంటే ముందు 5. నాలుగోది పూర్తిగా తెరిచేదాకా హ్యాండిల్ తిప్పి, 15 థౌ బ్లేడు దూర్చాను. పోయింది, కొంచెం పట్టుకుంటూ. 16 పోలేదు. మళ్ళీ దూర్చాను, మళ్ళీ పోలేదు. మిగతావన్నీ చూస్తే ఆరోది ఒక్కటి 17 దగ్గర ఉంది. రెండు థౌ. రాకర్ నట్టు బిగిశాక సర్దుకున్నదా, లోబ్ పోతున్నదా అన్నది ఇవాళ తెలియదు. 15కి సెట్ చేసి, గోడ క్యాలెండర్ మీద రాశాను. ఫిల్టరు కొత్తది, నూనె మళ్ళీ అదే సీఐ-4.

జనవరి 4, ఆదివారం

310 కిలోమీటర్లు. రేపల్లె దాకా ఒకసారి, బాపట్ల రెండుసార్లు, మిగతాది స్కూలుకి. 60 దాటలేదు, కానీ ఒకే వేగం మీద కూడా పోలేదు, రింగుల కోసం ఎక్కిస్తూ దించుతూ. వెనకాల లారీ వాళ్ళు ఏమనుకున్నారో వాళ్ళకే తెలుసు.

ఈ రోజు చల్లటి ఇంజిన్ మీద హెడ్డు నట్లు మళ్ళీ బిగించి, వేడెక్కించి, ఎనిమిది గ్యాపులూ చూశాను. ఆరోది 15. ఐదోది 15. పుష్ రాడ్ల మీద నెయిల్ పాలిష్ ఇంకా పోలేదు. మూత తీసి ఉండగా మావాణ్ణి స్టార్ట్ చేయమంటే నూనె చొక్కా మీద చిమ్మింది గానీ, ఎనిమిది ఎర్ర చుక్కలూ ఒక్కోటీ ఒక్కో వేగంతో తిరుగుతూ కనపడ్డాయి. మూడోది కొంచెం నెమ్మది, కానీ తిరుగుతోంది.

మా అమ్మాయి వచ్చి చూసి, "నాన్నా, అది నా నెయిల్ పాలిషేనా?" అంది.